కళ్లమునుండి గడపకు: బారామహలునందు ఉత్పత్తి ప్రతిఫలములు కుటుంబాదాయమైన చరిత్ర

బారామహలు అను పేర చరిత్రగ్రంథములయందు ప్రసిద్ధమైన సీమలో నేటి కృష్ణగిరి, ధర్మపురి జిల్లాలలో అధికభాగమును, తిరుపత్తూరు జిల్లాలో కొంతయు ఇమిడియున్నవి. సంగమయుగమున తగడూరను పేర అదియమానులకు రాజధానియై వెలసినది నేటి ధర్మపురియే. తమిళము, కన్నడము, తెలుగు మూడును ఒకే సంతలో వినవచ్చు ప్రదేశమిది. విజయనగర ప్రభువుల కాలమునను, తరువాతి నాయకరాజుల కాలమునను ఉత్తరమునుండి వచ్చిన తెలుగు కుటుంబములు ఇచ్చట దున్నియు, నేసియు, వర్తకము సలిపియు స్థిరపడినవి. ఆ రాజులను గూర్చి, వారు కట్టించిన దేవాలయములను గూర్చి మనవారు చాల వ్రాసియున్నారు. ఆ కుటుంబములు తిన్న రాగిసంకటి ఏ దారిని వచ్చి వారి గడప దాటినదో వ్రాసినవారు తక్కువ. ఆ దారిని వెదకుటయే ఈ వ్యాసమునకు ప్రయోజనము.

అర్థశాస్త్రజ్ఞులు ఉత్పత్తి కారకములు నాలుగని చెప్పుదురు: భూమి, శ్రమ, మూలధనము, వ్యవస్థాపన. భూమికి భాటకము, శ్రమకు వేతనము, మూలధనమునకు వడ్డీ, వ్యవస్థాపకునికి లాభము ప్రతిఫలములు. ఈ కారకములకు తుదకు సొంతదారులు కుటుంబములే గనుక, ఉత్పత్తిసంస్థలు చెల్లించు ప్రతిఫలములన్నియు కుటుంబాదాయములగును. కుటుంబములు ఆ ధనమును వెచ్చించి వస్తువులను కొనగా అది మరల ఉత్పత్తిదారులను చేరును. దీనినే చక్రీయ ప్రవాహమందురు. 1758లో ఫ్రెంచి వైద్యుడు కెనే ఒక పట్టిక గీచి దీనిని మొదట చూపెను. 1776లో ఆడం స్మిత్తు, 1817లో రికార్డో ఈ విభజననే తమ శాస్త్రమునకు మూలస్తంభముగా నిలిపిరి. మనలో కట్టమంచి రామలింగారెడ్డిగారు తెలుగున అర్థశాస్త్రగ్రంథమును రచించి ఈ భావములను పాఠకులకు పరిచయము చేసిరి. చిత్తూరు ప్రాంతమువారగుటచే, ఆయన కన్నులయెదుట ఉన్న రైతు మన రైతువంటివాడే.

పాఠ్యపుస్తకములోని చిత్రమున రెండు పెట్టెలును, వానిని కలుపు బాణపుగుర్తులును ఉండును. తరగతిలో దానిని నల్లబల్లపై గీచినప్పుడెల్ల పిల్లలు వెంటనే గ్రహింతురు, అందులోనే చిక్కున్నది. బాణపుగుర్తు వేసినంత మాత్రమున ప్రతిఫలము ఇంటికి చేరినట్లు కనబడును. చేరుటకు ముందు ఎవరెవరు దానిపై చేయి వేసిరి, చేరినది ఎవరి చేతిలో పడినది అను ప్రశ్నలు ఆ చిత్రమున లేవు. వానికి సమాధానము చరిత్రలోనే దొరకవలెను.

మొదట కళ్లమును చూతము. వెండిరూకలు పల్లెలోనికి విరివిగా రాకపూర్వము ప్రతిఫలముల పంపకము జరిగిన స్థలమదియే. పంట నూర్చి, తూర్పార పట్టి, రాశి పోసిన పిమ్మట ఎవరి పాలు వారికి కొలిచెడివారు. దేవునికి కొంత, ప్రభువునకు కొంత, రెడ్డికి, కరణమునకు కొంత. అటుపిమ్మట వడ్రంగి, కమ్మరి, కుమ్మరి, చాకలి, మంగలి, తలారి, నీరుకట్టువాడు మున్నగు ఆయగాండ్రకు మేరలు. ప్రభువు పాలును మేల్వారమనియు, సాగుదారు పాలును కుడివారమనియు పిలిచెడివారు. ఈ మాటలు తరువాత మదరాసు శాసనములలోను చోటు చేసికొన్నవి. దత్తమండలములను పాలించిన థామస్ మన్రో 1806లో వ్రాసిన నివేదికలో, పండ్రెండుగురు ఆయగాండ్రతో కూడిన ప్రతిగ్రామమును పటేలు నాయకుడుగానున్న చిన్న గణరాజ్యముగా వర్ణించెను.

ఇందు ఒక విశేషము గమనింపదగును. కమ్మరికి కొడవలి యొక్కింటికి ఇంతయని కూలి లేదు. ఊరిపంట మొత్తముపై అతనికి హక్కు గలదు. పంట బాగుగా పండిన యేడు అతని పాలును పెరుగును, పండనియేడు తరుగును. నేటి పరిభాషలో చెప్పవలెనన్న అతడు వేతనము పుచ్చుకొనువాడు కాడు, ఊరి లాభనష్టములలో భాగస్వామి. ఈ మేరలును, వానికి తోడైన సేవాఇనాము భూములును క్రమముగా నగదుజీతములుగ మారినవి. గ్రామాధికారి పదవులు మాత్రము వంశపారంపర్యపు ఛాయతో చాలకాలము నిలిచినవి. తమిళనాడున 1980లోను, ఆంధ్రప్రదేశమున 1984లోను ప్రభుత్వములు వానిని రద్దుచేసినవి. ఆ దినములలో కరణీకము పోయిన యిండ్లలో కలిగిన కలవరము మనలో పెద్దలకు జ్ఞాపకముండును.

అయితే కళ్లమును తలచికొని నిట్టూర్పు విడుచుట నాకు సమ్మతము కాదు. రాశిచుట్టు నిలిచినవారి వరుసలో చివరివాడు పాలేరు. దుక్కి అతనిది, కోత అతనిది, నూర్పు అతనిది. అతని పాలు మాత్రము హక్కుగా కాక దయగా కొలువబడెడిది. అతని భార్యాబిడ్డలు కోసిన పొలమున పరిగె యేరుకొని తెచ్చిన వెన్నులును ఆ యింటి ఆదాయమే. ఆ పద్దును ఏ కరణమును లెక్కలో వ్రాసియుండడు. జీతము అను మన మాటకు జీవితము అను సంస్కృతపదము మూలమని నిఘంటుకారులందురు. బ్రదుకుటకు చాలినంత అని దాని అర్థము. ఏటికి జీతమునకు కుదిరి, ముందుగా తీసికొన్న అప్పు తీరక, తండ్రి జీతమును కొడుకు కొనసాగించిన కుటుంబములలో ఆ చాలినంతయు దొరకినది కాదు. శ్రమకు ప్రతిఫలము పుట్టినది గాని, గడప దాటకమున్నే అప్పులో జమయైనది. ఇట్టి వెట్టిబానిసత్వమును నిషేధించు కేంద్రశాసనము 1976లో గాని రాలేదు.

ఇక భూమి సంగతి. 1792 మార్చిలో శ్రీరంగపట్టణపు సంధివలన టిప్పు సుల్తాను బారామహలును, సేలమును ఈస్టిండియా కంపెనీకి విడిచిపెట్టెను. కంపెనీవారు కెప్టెన్ అలెగ్జాండర్ రీడును ఇచ్చటి పరిపాలకుడుగా నియమించిరి. మన్రో, మాక్లియోడ్, గ్రాహం అను ముగ్గురు సైనికాధికారులు అతనికి సహాయులు. మన్రో ధర్మపురిలో విడిసి 1799 వరకు ఇచ్చటనే యుండెను. తాను పెంచిన తోటను గూర్చి అతడు స్వదేశమునకు ప్రీతితో ఉత్తరములు వ్రాసినాడు. మన ఊరు ప్రపంచపు భూమిశిస్తుచరిత్రలోనికి ఎక్కినది ఆ యేడేండ్లలోనే. రీడును అతని సహాయులును పొలములను కొలిపించి, ఒక్కొక్క పొలమునకు శిస్తు నిర్ణయించిరి. 1796 డిసెంబరులో రీడు వెలువరించిన ప్రకటన రైతునకును ప్రభుత్వమునకును గల సంబంధమును స్పష్టపరచినది. రైతువారీ పద్ధతికి పుట్టినిల్లు ఇదియే. వారి కాగితములు బారామహలు రికార్డులను పేర 1907 మొదలుకొని మదరాసున భాగములుగా అచ్చుపడినవి.

రైతు అను మాట అరబ్బీమూలమైనది. ఏలికచే రక్షింపబడు ప్రజ అని దాని తొలియర్థము. రైతువారీయందు ఆ ప్రజ ప్రభుత్వముతో నేరుగా లెక్క చూచుకొనవలసినవాడయ్యెను. నడుమ గుత్తదారు లేడు. ఇంతవరకు మేలే. కాని శిస్తు ధాన్యముగా గాక నగదుగా కట్టవలసి వచ్చెను. కిస్తీ గడువు కోతల వెన్నంటి వచ్చును. అందఱును ఒక్కసారి ధాన్యమును అంగడికి తోలగా ధర పడిపోవును. కళ్లమున పండ్రెండు పుట్లుగా కనబడిన పాలు వర్తకుని తక్కెడ దాటుసరికి ఎన్ని వరహాలగునో రైతు చేతిలో లేదు. చక్రీయ ప్రవాహమున ఒక క్రొత్తమజిలీ, అంగడి, ఇట్లు చేరినది.

శిస్తు ఎంత యుండవలెనను ప్రశ్నపై మన్రో చింతన ధర్మపురిలో మొదలై దత్తమండలములలో పరిపక్వమైనది. బళ్లారి, కడప, అనంతపురము, కర్నూలు ప్రాంతములకు 1800 నుండి 1807 వరకు అతడు ప్రధాన కలెక్టరు. అచ్చటి సర్వే శిస్తు మొత్తపు పంటలో నూటికి 45 పాళ్లను ప్రభుత్వభాగముగా నెంచి కట్టబడినది. 1807లో అతడే దానిని నాల్గవవంతు తగ్గింపవలెనని సిఫారసు చేసెను. అనగా 45 పాళ్లు 33¾ పాళ్లగును, సుమారు మూడవవంతు. పైయధికారులు అప్పుడు అంగీకరింపలేదు. 1820లో తానే మదరాసు గవర్నరైన పిమ్మట గాని ఆ తగ్గింపు అమలునకు రాలేదు. శిస్తు మూడవవంతునకు దిగినచో, తాను స్వయముగా దున్ననివాడును నష్టములేక భూమిని పుచ్చుకొనగలడని అతని వాదము.

ఆ వాదములోని బలమును ఒక ఊహాలెక్కతో చూపెదను. నూరు తూములు పండిన పొలమున విత్తనము, ఎడ్లమేత, పనిముట్లు, కూలి, రైతుకుటుంబపు తిండి కలిసి 50 తూములు అనుకొందము. శిస్తు 45 అయినచో మిగులునవి 5. శిస్తు 33¾ అయినచో మిగులునవి 16¼. శిస్తు తగ్గినది నాల్గవవంతే యైనను, భూమికి భాటకమనదగినది మూడురెట్లకు మించి పెరిగినది. ఐదు తూములు మిగులు పొలమును ఒక్క అనావృష్టి సంవత్సరము మ్రింగివేయును. దానిని కొనువాడుండడు, తాకట్టు పెట్టుకొనువాడుండడు. పదునాఱు తూములు మిగిలిన పొలమునకు ధర పుట్టును. భూమి ఒక కుటుంబమునకు ఆస్తి యగుట, దాని భాటకము ఆదాయమగుట, ప్రకృతిసిద్ధములు కావు. ప్రభుత్వము ఎంత విడిచినదో దానిని బట్టి అవి ఏర్పడును. రికార్డో భాటకసిద్ధాంతమును ప్రకటించుటకు పదేండ్లు ముందే ఒక సైనికాధికారి తెలుగుసీమ పొలములలో నిలిచి ఈ లెక్క వేసియుండుట గమనార్హము. మన్రోను కొందఱు దైవముగా పొగడుదురు. అంత అక్కఱలేదు, మొదట 45 పాళ్లు కట్టించినవాడును అతడే.

రీడు, మన్రోలు వెడలినపిమ్మట బారామహలున రైతువారీ నిలువలేదు. 1802 నాటి శాశ్వతపైసలా శాసనము ననుసరించి గ్రామములను మిట్టాలుగా కూర్చి వేలము వేసిరి. మిట్టాదారులలో ననేకులు పేష్కషు చెల్లింపలేక కూలిపోగా, వారి గ్రామములు మరల ప్రభుత్వమునకు చేరి రైతువారీ యైనవి. మిగిలిన మిట్టాలను 1948 నాటి మదరాసు ఎస్టేటుల రద్దు చట్టము ముగించినది.

మూడవ ప్రతిఫలము వడ్డీ. నగదుశిస్తు వచ్చినతోడనే షావుకారు రైతునకు నిత్యబంధువయ్యెను. కిస్తీకి అప్పు, విత్తునకు అప్పు, పెండ్లికి అప్పు. వడ్డీ షావుకారు కుటుంబమునకు ఆదాయమే, సందేహము లేదు. పల్లెలో పుట్టిన మూలధనమునకు న్యాయమైన ప్రతిఫలము ఉండనే యుండవలెను. కాని అసలునకు రెండింతలు చెల్లించినను తీరని అప్పులో వడ్డీయనునది మూలధనపు ప్రతిఫలముగా నుండక, భూమి భాటకమును, మనిషి వేతనమును కూడ కబళించునదగును. ఫ్రెడరిక్ నికల్సన్ 1895లోను, 1897లోను మదరాసు ప్రభుత్వమునకు సమర్పించిన నివేదికలు ఈ రోగమునకు సహకారపరపతిని మందుగా చూపినవి. 1904లో సహకారపరపతి సంఘముల శాసనము వచ్చినది.

ఈ విషయమున మన సీమవాడే యైన ఒక పెద్దమనిషి చేసిన పని చెప్పకుండరాదు. హోసూరు సమీపమునందలి తొరపల్లిలో 1878లో జన్మించిన చక్రవర్తి రాజగోపాలాచారి మదరాసు ప్రధానమంత్రిగా నుండి 1938లో వ్యవసాయదారుల ఋణవిముక్తి చట్టమును చేయించెను. 1932 అక్టోబరు 1వ తేదీకి ముందు చేసిన అప్పులపై, 1937 అక్టోబరు 1 నాటికి బాకీపడిన వడ్డీ యంతయు రద్దయినది. అసలునకు రెండింతలు ఇదివరకే చెల్లించియున్నచో అప్పు పూర్తిగా తీరినట్లే. షావుకారులు దీనిని దోపిడియనిరి. రైతులు పండుగ చేసికొనిరి. చట్టము భయముచే తరువాత అప్పు పుట్టుట కష్టమైనదను మాటయు అబద్ధము కాదు. ఒక్క శాసనముతో ఒక ఇంటి ఆదాయము మఱియొక ఇంటికి మరలినదనుట మాత్రము నిశ్చయము.

వేతనమును గూర్చి చెప్పుటకు 1876-78 నాటి మహాక్షామమును మించిన దృష్టాంతము లేదు. నాటి సేలము జిల్లాలో మన ప్రాంతము చేరియుండెను. 1871 జనాభా లెక్కలో ఆ జిల్లాయందు సుమారు 19,67,000 మంది యుండగా 1881లో సుమారు 16,00,000 మంది మాత్రమే తేలిరి. పదేండ్లలో పెరుగవలసిన జనము పోగా, ఉన్న జనములోనే ఐదవవంతునకు కొంచెము తక్కువ తరిగినది. రైలుమార్గము అప్పటికే జోలారుపేట, సేలముల మీదుగా పోవుచుండెను, ధాన్యపుబస్తాలు దిగుచుండెను. పంట పోవుటచే కళ్లములేదు. కళ్లము లేనందున కూలి లేదు, మేర లేదు. నేతగానికి గుడ్డ కొనువాడు లేడు. ధాన్యము అంగడిలో నున్నను కొనుటకు చేత కాసు లేదు. 1981లో అమర్త్య సేన్ తన క్షామపరిశోధనలో నిరూపించిన సత్యమిదియే: మనుష్యుడు చచ్చుట తిండి లేకపోవుటచే గాక, తిండిపై హక్కు పోవుటచేతనే తరచుగా సంభవించును. 1876లో పంటయే లేకుండుట నిజము గనుక ఆ సిద్ధాంతము మన క్షామమునకు సంపూర్ణముగా చాలునని నేననను. కూలిజనుల చావులకు మాత్రము అది చక్కగా అన్వయించును.

ఆ క్షామమున ప్రభుత్వము సహాయపనులు తెఱచెను. 1877 జనవరిలో వైస్రాయి ప్రతినిధిగా వచ్చిన రిచర్డు టెంపులు పొదుపుకొఱకు మగకూలికి దినమునకు ఒక పౌను ధాన్యమును, ఒక అణాయును చాలునని నిర్ణయించెను. రోజంతయు రాళ్లు కొట్టినవానికి నేటి తూనికలో 450 గ్రాముల ధాన్యము! మదరాసు ఆరోగ్యశాఖాధికారి డాక్టరు కార్నిషు ఇది ప్రాణము నిలుపుటకు చాలదని గట్టిగా వాదించెను. మదరాసు ప్రభుత్వము తరువాత కూలిని పెంచినది. వేతనమునకు అంగడి నిర్ణయించు ధరయే గాక, క్రిందికి దింపరాని ఒక హద్దు గలదా అను ప్రశ్న, ఇంతటి క్రూరమైన రూపమున మరెన్నడు మనవారి యెదుట నిలువలేదు. గ్రామీణ ఉపాధిహామీ పథకము 2006 ఫిబ్రవరి 2వ తేదీన అనంతపురము జిల్లా బండ్లపల్లిలో ప్రారంభమైనపుడు, ఆ పాత క్షామభూమినే ఎన్నుకొనుట ఉచితముగనే తోచినది.

ఇక మిగిలినది లెక్కించుట. 1949లో భారతప్రభుత్వము మహలనోబిసు అధ్యక్షతన జాతీయాదాయ సంఘమును నియమించినది. గాడ్గిలును, కాంచీపురమున జన్మించిన వి.కె.ఆర్.వి. రావును సభ్యులు. రావుగారు అంతకు ముందే, 1931-32 సంవత్సరపు బ్రిటిషు ఇండియా ఆదాయమును గణించి 1940లో గ్రంథము ప్రకటించియుండిరి. సేద్యమునకు వచ్చినచోట పుచ్చుకొన్న ఆదాయములను కూడుటకు బదులు, పండిన పంటనే ఆయన లెక్కించిరి. కారణము స్పష్టము. తన పొలమున, తన ఎడ్లతో, తన బిడ్డలతో పనిచేయు రైతుయింట భాటకమేది, వేతనమేది, వడ్డీయేది, లాభమేది? నాలుగును ఒకే గంపలో ఇంటికి వచ్చును. గణకులు దీనికి మిశ్రమాదాయమని పేరు పెట్టి ఊరకుండిరి. మంచి పేరే, కాని ఆ గంపలో ఏముండునో చూడక తప్పదు.

మన జిల్లాలోని పట్టుపురుగుల పెంపకమును తీసికొందము. ధర్మపురిలో ప్రభుత్వపు పట్టుగూళ్ల అంగడి గలదు. పురుగు పుట్టినది మొదలు గూడు కట్టువఱకు ఇంచుమించు నాలుగువారములు. అన్నాళ్లును దినమునకు పలుమారులు మల్బరీ ఆకు కోసి, తరిగి, తట్టలపై పఱచి, చెత్త తీసి, గదిలోని వేడిని, తేమను కనిపెట్టుచుండవలెను. నడిరేయి మేతయు ఉండును. ఈ పనిలో పెక్కుభాగము ఇంటి ఆడవారిది. గూళ్లు అంగడిలో వేలమైన తరువాత వచ్చు పైకములో ఆకుతోటకు భాటకము గలదు, తట్టలకును షెడ్డునకును పెట్టిన అప్పుపై వడ్డీ గలదు, ధర పెరిగినయేడు లాభము గలదు. నాలుగువారములు నిద్రమానిన ఇల్లాలి వేతనము కూడ అందులోనే గలదు. అయినను పైకము భూమి యెవరి పేర నున్నదో వారి లెక్కకు పోవును. కుటుంబాదాయము అను మాటలోని కుటుంబము ఒక్క మనిషి కాదని శాస్త్రజ్ఞులు చాల ఆలస్యముగా గ్రహించిరి.

ఈ విషయమున ధర్మపురికి మరల ఒక ప్రాధాన్యము కలిగినది. అంతర్జాతీయ వ్యవసాయాభివృద్ధి నిధి సాయముతో తమిళనాడు మహిళాభివృద్ధి పథకము 1989 సెప్టెంబరులో తొలుత ప్రారంభింపబడినది ఈ జిల్లాలోనే. నాడు కృష్ణగిరి ఇంకను వేఱు జిల్లా కాలేదు; ఆ విభజన 2004లో జరిగినది. స్త్రీలు చిన్నచిన్న సంఘములుగా చేరి, వారము వారము కొంత కూడబెట్టి, తమలో తాము అప్పిచ్చుకొని, పిమ్మట బ్యాంకునుండి ఋణము తెచ్చుకొనిరి. పొదుపుపై వడ్డీ అను ప్రతిఫలము భూమిలేని స్త్రీకి తన పేరున చేరుట మన పల్లెలలో అంతకుముందు వినని వార్త. తెలుగు మాటలాడు పల్లెలలోను తీర్మానపుపుస్తకము తమిళమున వ్రాయబడినను, పద్దులపై వాదోపవాదములు తెలుగున సాగుట నేను పలుమారులు వినియున్నాను.

నేడు మరియొక మార్పు కనబడుచున్నది. వానమీద ఆధారపడిన మెట్టపొలములను విడిచి యువకులు బెంగుళూరునకు, తిరుప్పూరునకు, హోసూరు కర్మాగారములకు పోవుచున్నారు. వారు చేసిన ఉత్పత్తి ఆ పట్టణముల లెక్కలో చేరును. వేతనములో మిగిలినది ఇచ్చటి గడపకు వచ్చును. కాబట్టి జిల్లా ఉత్పత్తిని చూచి జిల్లావారి ఆదాయమును అంచనా వేయుట పొరపాటగును. పల్లెలో లేచిన క్రొత్తయిండ్లలో కొన్నిటి గోడలు రాగిపంటతో కట్టినవి కావు.

ఈ చరిత్రకు ముద్రితమైన ఆధారములలో పెక్కు ప్రభుత్వపక్షమునుండి వ్రాసినవే. రైతుపక్షపు లెక్కలు మన యిండ్ల అటుకలమీద ఉండవచ్చును: కౌలుపత్రములు, ప్రోనోట్లు, పద్దుపుస్తకములు, జీతగాండ్రకు కొలిచిన ధాన్యపులెక్కలు. తెలుగులిపిలో వ్రాసిన అట్టి కాగితములు గలవారు వానిని పాతసామానుల వానికి వేయక భద్రపరచి, ప్రతి తీసికొనుటకు సంఘమువారికి అవకాశమిచ్చినచో, ముఖ్యముగా కూలి, జీతము పద్దులున్న పుటలను, వచ్చు సంచికలలో వానిని ప్రకటింపవచ్చును.